కంటికి అందని వెలుగు వెంట మణవాళనగర్ దాకా

తిరుపతిలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి తిరువళ్ళూరు చేరవచ్చు. నేను మర్నాడు చేరాను. దారిలో ఆడికృత్తిక అడ్డం పడుతుందని నాకు తట్టలేదు. ఉద్యోగం తిరుపతి కాలేజీలో ఫిజిక్సు చెప్పడమే గానీ, నేను పుట్టి పెరిగింది గుడివాడ దగ్గర. మా వైపు సుబ్రహ్మణ్యస్వామి అంటే నాగులచవితి, పుట్టలో పాలు. తమిళుల ఆడి నెలలో కృత్తిక నక్షత్రం రోజున ఊళ్ళకు ఊళ్ళు కావళ్ళెత్తుకుని ఒక్క తిరుత్తణి కొండ మీదికే నడుస్తాయని విద్యార్థులు చెప్పే ఉంటారు. నేనే చెవిన పెట్టలేదు.

చేతిలో ఒక స్టీలు టిఫిను డబ్బా. డబ్బాలో దూది, దూదిలో గాజు సీసా, సీసాలో నా బొటనవేలంత స్ఫటికం. యూరియాది. వరి పొలంలో చల్లే యూరియానే. కాకపోతే శుద్ధి చేసి, మిథనాల్‌లో కరిగించి, ఆ ద్రావణాన్ని అతి నెమ్మదిగా చల్లారనిస్తూ నెలల తరబడి పెంచింది. అంతకు ముందు పెంచినవి కొన్ని మబ్బు పట్టాయి, కొన్ని బీటలు వారాయి. ఇదొక్కటే తేటగా వచ్చింది. పుస్తకం మీద పెట్టి చూస్తే ప్రతి అక్షరమూ జంటగా కనిపించేది.

ఆ జంటలోనే ఉంది సంగతంతా. ఇలాంటి స్ఫటికంలోకి వెళ్ళిన కాంతి రెండు కిరణాలుగా చీలుతుంది. ఒకటి నిలువుగా కంపిస్తే రెండోది అడ్డంగా కంపిస్తుంది. వాటిలో ఒకదాన్ని పక్కకు తప్పిస్తే మిగిలేది ఒకే దిశలో కంపించే కాంతి. దాన్నే ధ్రువణ కాంతి అంటాం. మామూలు వెలుగుకు ఈ పని చేసిపెట్టే పలకలు దొరుకుతాయి. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని మాత్రం ఆ పలకలు మింగేస్తాయి. పేరుమోసిన కాల్సైటు కూడా కొంత దూరం వచ్చి చేతులెత్తేస్తుంది. యూరియా ఇంకా ముందుకు పోనిస్తుందని చదివాను. దాని రోగమల్లా ఒకటే, తేమ. గాలిలో చెమ్మ పెరిగితే వానాకాలపు ఉప్పులా చెమర్చి, మెరుగు పోయి, చివరికి కరిగిపోతుంది.

దాన్ని కోసి సానబట్టే మనిషి కావాలి. మా గైడు తన చదువు రోజుల్లో మద్రాసులో ఒక కంపెనీ చేత పట్టకాలు చేయించుకున్నారట. అవి చేసిన గోవిందస్వామి నాయుడుగారు రిటైరై, తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో ఉంటున్నారు. సెలవులు అయ్యేలోగా చూపించడానికి ఏదో ఒకటి లేకపోతే, నేను స్ఫటికాలు పెంచే గదిని కెమిస్ట్రీ వాళ్ళకు ఇచ్చేస్తామని ప్రిన్సిపాల్ చెప్పేశారు. అందుకే బయలుదేరాను.

తిరుత్తణి

నగరి దాటే వరకు బస్సు బాగానే నడిచింది. ఆ తర్వాత రోడ్డంతా పసుపు బట్టలే. భుజాల మీద పూల కావళ్ళు, గుండు కొట్టించుకున్న తలల మీద గంధం, "అరోహరా" అని ఒకరు అరిస్తే వెనక వందమంది అందుకోవడం. కండక్టరు ఊరి బయటే బస్సు ఆపించి, "ఎల్లారుం ఇరంగుంగ, వండి పోగాదు" అన్నాడు. అందరూ దిగిపోయారు. వాళ్ళంతా కొండకు వచ్చినవాళ్ళే. దిగాల్సిన అవసరం లేనిదాన్ని నేనొక్కదాన్నే.

జనంతో పాటు నడిచాను. జనం మధ్య డబ్బాను పొట్టకు హత్తుకుని నడుస్తుంటే ఒక ముసలమ్మ దాన్ని ప్రసాదమనుకుని చెయ్యి చాపింది. నా సంచీలోంచి అరటిపండు తీసి ఇచ్చాను. అంతలో వాన మొదలైంది. కావళ్ళెత్తుకున్నవాళ్ళు ఆగలేదు. నేను మాత్రం పరుగెత్తి, సందులో ఒక ఇంటి పంచలో దూరాను. లోపల మగ్గం చప్పుడు ఆగి, ఒక నడివయసు ఆవిడ తలుపు దగ్గరకు వచ్చింది.

"యాడికి పోవాల్నమ్మా?"

తమిళం వస్తుందనుకుంటే తెలుగు వచ్చింది. తిరువళ్ళూరు అన్నాను.

"ఈ పొద్దు పోలేవులే. రేపు పొద్దన్నే పోదువు గానీ, లోపలికి రా. తడిసి ముద్దయినావే, పావం."

ఆమె పేరు వళ్ళెమ్మ. భర్త కావడి ఎత్తుకుని కొండ మీదికి వెళ్ళాడు. మీది తెలుగుదేశమా అని అడిగితే నవ్వింది.

"మాది ఈ ఊరేనమ్మా. మా తాతల తాతలు యాడనుంచో వచ్చినారంట. పిల్లోళ్ళు బడిలో అరవం చదువుతా ఉండారు. ఇంట్లో మాటలాడేది మాత్రం ఇదే."

ముందు గదిలో గుంట మగ్గం, దాని మీద సగం నేసిన గళ్ళ లుంగీ. మగ్గం చుట్టూ మట్టినేల తడిగా ఉంది. ఇల్లు కురిసిందా అని పైకప్పు చూశాను. కప్పు బాగానే ఉంది. ఆవిడే నీళ్ళు చల్లిందట. నేల ఆరితే నూలు పెళుసెక్కి తెగిపోతుందట. దారానికి కావలసిన తేమే నా స్ఫటికానికి మృత్యువు. గబగబా డబ్బా తెరిచాను. సీసాలో స్ఫటికం చుట్టూ పోసిన సిలికాజెల్ గుళికలు పొడిగా ఉంటే నీలంగా ఉంటాయి. తేమ పీల్చుకుంటే గులాబీ రంగుకు తిరుగుతాయి. అప్పటికి సగం పైగా తిరిగిపోయాయి.

"ఏంది ఇది, జీరగ మిఠాయా?" అని వంగి చూసింది వళ్ళెమ్మ.

తినేవి కావని చెప్పి, పొయ్యి కావాలన్నాను. వంట గిన్నె మాత్రం వద్దన్నాను. ఆమె పెరట్లోంచి తుప్పు పట్టిన రేకు మూత ఒకటి తెచ్చింది. స్ఫటికాన్ని దూదిలో చుట్టి, మూత బిగించిన మరో సీసాలో పెట్టి, గుళికలను రేకు మీద పోసి సన్న సెగ పెట్టాం. పుల్లతో కదుపుతూ ఇద్దరం పొయ్యి ముందు కూర్చున్నాం. గులాబీ ఊదా అయింది, ఊదా నీలమైంది.

"అడడా, రంగు మారిపాయ సూడు!" అని ఆవిడ పక్కింటి ఆడవాళ్ళను కూడా పిలవబోతే నేనే వద్దన్నాను. లోపలిది ఏమిటని అడిగింది. యూరియా అన్నాను.

"యూరియానా? మాయన్న మూటలు మూటలు చల్లుతాడే వరికి! దానికా ఇంత కాపలా?"

ఆవిడ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. మగ్గం చూపించి చెప్పాను. వెలుగులో కూడా పడుగూ పేకా ఉంటాయనుకో, ఈ స్ఫటికం రెంటినీ విడదీస్తుంది, నాకు వాటిలో ఒక్కటే కావాలి అన్నాను. ఆవిడ మగ్గం వైపు తిరిగింది.

"పేక తీసేస్తే గుడ్డ యాడుంటాదమ్మా?" అంది.



రాత్రి భోజనం రాగి కూళు. మా వైపు అంబలి అంటే గ్లాసుతో తాగేది. ఇక్కడిది నూకలు వేసి గట్టిగా కాచి, మజ్జిగ కలిపింది. నంజుకోవడానికి చిన్న ఉల్లిపాయలు, వేయించిన ఊరమిరపకాయలు. ఆడి నెలంతా వీధివీధినా అమ్మవారి పేర కూళు కాచి పోస్తారట. మా ఊళ్ళో ఆషాఢం అంటే కొత్త కోడళ్ళను పుట్టింటికి పంపే నెల, అంతే. ఇక్కడ అదే పండగల నెల.

పొద్దున వెళ్ళేటప్పుడు కొంచెం నూలు దారం అడిగాను. స్ఫటికాన్ని రంపంతో కోయకూడదు, తడిపిన దారంతో కోయాలి. "గంజి పెట్టిందా, పెట్టందా?" అని అడిగింది. పెట్టనిదే అన్నాను. ఒక చిన్న చిలప చుట్టి ఇచ్చింది. నేను ఒక తువ్వాలు కొనుక్కున్నాను. అది ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఎన్ని ఉతుకులకూ రంగు దిగలేదు.

తిరువళ్ళూరు

పండగ మర్నాటి బస్సులో నిలబడటానికి చోటు దొరకడమే గొప్ప. తిరువళ్ళూరులో దిగగానే హోటల్లో ఇడ్లీ తిన్నాను. ఒక్కొక్కటి ముప్పై పైసలు. పచ్చడి అడిగితే చెంచాడు వేశాడు గానీ సాంబారు మాత్రం బకెట్టుతో వచ్చి ఇడ్లీలు తేలేదాకా పోశాడు. మా గుడివాడ హోటల్లో అల్లం పచ్చడికి ఉండే మర్యాద ఇక్కడ సాంబారుకు ఉంది. కాఫీ మాత్రం, ఎక్కడి అభిమానం అక్కడ పక్కన పెట్టి చెబుతున్నాను, ఇక్కడిదే బాగుంది.

రైలు కట్ట దాటితే మణవాళనగర్. ఇళ్ళు కొత్తవి. మగవాళ్ళు చాలామంది పొద్దున్నే కరెంటు రైలెక్కి మద్రాసు పోయి రాత్రికి వచ్చేవాళ్ళు. పగలు వీధులన్నీ ఆడవాళ్ళవీ, రిటైరైన పెద్దవాళ్ళవీ. నాయుడుగారి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. కళ్ళద్దాలు సానబట్టే నాయుడు అంటే అందరికీ తెలుసు.

ఆయన పొడుగ్గా, వంగని నడుముతో ఉన్నారు. సోడాబుడ్డి అద్దాల్లో కుడివైపుది మాత్రమే బాగా మందం. ఆ కంటికి శుక్లం తీశారు. ఎడమ కంట్లో శుక్లం ఇంకా ముదరలేదు. స్ఫటికాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని, తిప్పి, బరువు చూసి, "మీ సారు బాగుండారా?" అని అడిగారు. ఆ తర్వాత, "పట్టకం చేసి శానా రోజులాయనమ్మా. అంగళ్ళకి అద్దాలు రుద్ది రుద్ది చేతులు మొద్దుబారినాయి. నీకు చేసిస్తాను" అన్నారు. ఆ మాటల్లోని సంతోషం దాచుకునేది కాదు.

వంటింట్లో ఆయన కోడలు రాజేశ్వరి, ఇంట్లోవాళ్ళకు రాజి, కాఫీ కలుపుతూ గొంతు తగ్గించి మాట్లాడింది.

"అక్కా, ఒకటి చెప్తాను, తప్పుగా అనుకోకండి. ఆపరేషన్ అయినప్పటి నించి మామ ఏమేమో చెప్తా ఉండారు. ఎండ నీలంగా ఉండాదంటారు. వెల్డింగు అంగడి పక్కన పోతే, మీకెవరికీ తెలీని వెలుగు నాకు తెలస్తా ఉండాదంటారు. డాక్టరును అడిగితే వయసుకు అట్లనే ఉంటాదన్నాడు. మా ఇంటాయన భయపడి సానబట్టే మిషను అమ్మేస్తామంటా ఉండాడు. కొనేవాళ్ళు గూడా వచ్చి చూసిపోయినారు."

"ఆయనకి తెలుసా?"

"తెలుసు. చెయ్యి ఇంకా ఆడతాదని చూపించేదానికే మీ పని ఒప్పుకున్నారు."

ఆ మాట విన్నాను గానీ, అప్పటికి నా ధ్యాసంతా స్ఫటికం మీదే.

దారంతో కోత

పని గది ఇంటి వెనక ఉంది. రేకుల కప్పు, సాన యంత్రం, గోడకు బీరువా. నా డిజైను ఇది. స్ఫటికాన్ని ఏటవాలుగా రెండు ముక్కలు చేసి, మధ్య సన్నని గాలి సందు వదిలి మళ్ళీ ఎదురెదురుగా పెట్టాలి. జిగురు పెట్టకూడదు, జిగురు అతినీలలోహితాన్ని ఆపేస్తుంది. వాలు సరిగ్గా కుదిరితే ఒక కిరణం ఆ సందు దగ్గర అద్దం తగిలినట్టు పక్కకు మళ్ళిపోతుంది, రెండోది తిన్నగా దాటిపోతుంది. కనిపించే కాంతికి ఒక వాలు, కనిపించని దానికి ఇంకో వాలు కావాలి. లెక్కలు కట్టింది రెండోదానికే.

వళ్ళెమ్మ ఇచ్చిన దారాన్ని రెండు చిన్న కప్పీల మీద వేసి, కింద స్పిరిటు సీసాలో తడుపుతూ, స్ఫటికం మీద ఆనీ ఆననట్టు నడిపించాం. దారం రుద్దదు, తడి తాకిన మేర కరిగించుకుంటూ దిగుతుంది. మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకు రెండు ముక్కలయింది. ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను. వంకాయ పులుసు, అప్పడాలు. రాజి భర్త షిఫ్టు నుంచి వచ్చి మర్యాదగా పలకరించాడు. మిషను మాట ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు సానబట్టడం. నీళ్ళు తగలకూడదు కనుక కిరోసిన్‌లో పొడి కలిపి వాడాలి. మొదటి ముక్క ఏటవాలు ముఖం చక్కగా వచ్చింది. రెండో ముక్కను ఆయన పిడిలో బిగిస్తుండగా చిన్న చప్పుడయింది. వేరుశనగ కాయ ఒలిచిన చప్పుడంత. ముక్క అడ్డంగా విచ్చుకుపోయింది. యూరియా స్ఫటికానికి అలా చీలే గుణం ఉంది. ముందుగానే వెంట్రుకంత బీట ఉండి ఉండాలి. ఆయన కళ్ళకు అది ఆనలేదు.

నాయుడుగారు చేతులు వెనక్కి తీసుకున్నారు.

"నాకు గీత అగుపించలేదమ్మా. కన్ను లేకపోయినా చేత్తో తెలిసిపోతాదనుకున్నా. తెలీలేదు."

ఏదైనా అంటే ఏడుస్తాననిపించి స్టేషనుకు నడిచి, ప్లాట్‌ఫారం మీద బల్ల మీద కూర్చున్నాను. కరెంటు రైళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. సుండల్, అంటే గుగ్గిళ్ళు, అమ్మేవాడు అడగకుండానే పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. తింటూ, నా గదిలోంచి బల్లలు బయటికి మోసుకుపోవడం ఊహించుకున్నాను. తర్వాత ఆ పెద్దాయన ఇప్పుడు ఆ గదిలో ఏం చేస్తూ ఉంటారా అని ఆలోచన వచ్చింది. అది ఎక్కువ బాధ పెట్టింది.

పొట్లం ఖాళీ అయ్యేసరికి ఒక సంగతి తోచింది. అసలు రెండు ముక్కలెందుకు? కిరణాలను విడదీసేది మొదటి ముక్కే. రెండో ముక్క చేసేది, మిగిలిన కిరణాన్ని మళ్ళీ తిన్నగా నిలబెట్టడం. వంకరగా వస్తే ఏం? మొదటి ముక్క వాలు ఇంకొంచెం తగ్గిస్తే రెండు కిరణాలూ బయటికే వస్తాయి, ఒకదానికొకటి ఎడంగా. కావలసినదాన్ని తీసుకుని రెండోదాన్ని అడ్డుకోవచ్చు.

తిరిగి వెళ్ళేసరికి ఆయన గదిలో అదే చోట కూర్చుని ఉన్నారు. చెప్పాను. మొదటి ముక్కను చేతిలోకి తీసుకున్నారు.

"వాలు తగ్గించేది నా చెయ్యి. చూసేదానికి కన్ను కావాల" అని, లోపలికి తిరిగి, "రాజీ!" అని పిలిచారు.

ఆ మధ్యాహ్నమంతా అలాగే సాగింది. రాజి భూతద్దంలో చూసి, "మామా, ఎడమ పక్క ఇంకా మబ్బుగా ఉండాది" అనేది. ఆయన ఆ వైపు వేలి బరువు పెంచేవారు. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చాక గానీ ఆవిడ లేవలేదు.

గోడ మీద గీతలు

నా సంచీలో చిన్న పాదరస దీపం ఉంది. దాని ముందు నల్ల గాజు పలక. ఆ గాజు కనిపించే వెలుగునంతా ఆపి అతినీలలోహితాన్ని మాత్రం వదులుతుంది. పరీక్ష మర్నాడు పగలే పెట్టుకున్నాం. కిటికీలకు గోనెపట్టాలు కట్టి గది చీకటి చేశాం. దీపం ముందు సన్నని చీలిక, దాని వెనక మా పట్టకం. ఇక వచ్చే కిరణాలను కనిపెట్టాలి. కనిపించని దాన్ని చూడటానికి సులువైన ఉపాయం, బట్టను తెల్లగా కనిపించేలా చేసే పొడి వేసి ఉతికిన పంచె. అతినీలలోహితం తగిలితే అది నీలంగా మెరుస్తుంది.

రాజి పంచె తేవడానికి ఇంట్లోకి వెళ్ళింది. పట్టకం కిరణాలను ఏ వైపు వంచిందో తెలియక నేను చీకట్లో తడుముకుంటున్నాను. నా ముందు గోడ, దాని మీద సున్నం. నాకు ఏమీ కనిపించలేదు.

"ఎందుకమ్మా వెతుకుతా ఉండావు? ఆ బీరువా పక్కనే ఉండాయి గదా, రెండు గీతలు" అన్నారు నాయుడుగారు.

అప్పుడే పంచెతో వచ్చిన రాజి గుమ్మంలో ఆగిపోయింది. "మామా, మళ్ళీ మొదలుపెట్టినారా?" అంది. కోపం కాదు, భయం.

నేను ఆమె చేతిలోంచి పంచె తీసుకుని బీరువా పక్కన గోడకు ఆనించాను. బట్ట మీద రెండు నీలి గీతలు వెలిగాయి, జానెడు ఎడంతో.

పంచె తీసేశాను. నాకూ రాజికీ మళ్ళీ సున్నం గోడ తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడో?" అన్నాను.

"ఉండాయి. వెలిసిపోయిన నీలం. కొంచెం తెలుపు కలిసినట్టు."

అప్పుడు అర్థమైంది. మన కంటిలోని కటకం అతినీలలోహితాన్ని లోపలికి పోనివ్వదు. ఆపరేషన్‌లో నాయుడుగారి కుడికంటి కటకాన్ని తీసేశారు. అడ్డు తొలగింది. మేము చూడలేని వెలుగులో కొంత ఆయన కంటి వెనక్కి చేరుతోంది. ఆ సంగతి ఎప్పుడో ఒక పుస్తకంలో చదివాను. చదివింది మనిషి రూపంలో ఎదురుగా నిలబడేదాకా గుర్తు రాలేదు.

రాజికి చెప్పాను. నమ్మాలనే ఉంది ఆమెకు, నమ్మలేకుండా ఉంది. "నేను ఒకసారి చూస్తాను అక్కా" అంది. కిరణాలు ధ్రువణం చెందాయో లేదో నేనెలాగూ పరీక్షించాలి. దీపపు వెలుగును ఒక గాజు పలక మీద ఏటవాలుగా పడేసి, అక్కడ పరావర్తనమైనదాన్ని పట్టకంలోకి పంపితే, రెండు గీతల్లో ఒకటి ఆరిపోవాలి. పట్టకాన్ని పావు వంతు తిప్పితే అది వెలిగి రెండోది ఆరాలి. మధ్యలో ఒక అట్ట అడ్డం పెట్టి, ఆయన్ను పంచె కనిపించని చోట, గోడకు ఎదురుగా కూర్చోబెట్టాం. గీతలు సగం గోడ మీద, సగం పంచె మీద పడేలా చూసి, పంచె వైపు రాజి నిలబడింది. నేను ఏమీ చెప్పకుండా పట్టకం తిప్పాను.

"మొదటిది పాయ" అన్నారు ఆయన.

రాజి పంచె వంక చూసి తలూపింది. మళ్ళీ తిప్పాను.

"ఇప్పుడది వచ్చె. రెండోది పాయ."

ఇంకోసారి అడిగింది రాజి. ఇంకోసారి. చివరిసారి నేను పట్టకం తిప్పినట్టు చప్పుడు చేసి తిప్పలేదు. "ఏమీ మారలేదే?" అన్నారాయన.

రాజి పంచె చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడి, "మామా, మీకు బుద్ధి చెడిందని ఊరంతా చెప్పినామే" అంది.

"చెప్తే చెప్పినారులే. నాకే సందేహం వచ్చె" అన్నారు నాయుడుగారు.

ఆయన లేచి దీపం దగ్గరికి రాబోయారు, నల్ల గాజులోకి నేరుగా చూడాలని. నేను చెయ్యి అడ్డం పెట్టాను. కటకం అడ్డుకునేది ఊరికే కాదు. ఆ వెలుగు కంటి వెనక పొరకు మంచిది కాదు. వెల్డింగు మంటనూ ఎండనూ కూడా ఇక మీదట నేరుగా చూడొద్దని గట్టిగా చెప్పాను. దీపం ఆర్పేసి గోనెపట్టాలు విప్పాం. రాజి కాఫీ తెచ్చి మొదటి లోటా ఆయన చేతికిచ్చింది.

మద్రాసు పోయి, మళ్ళీ తిరువళ్ళూరు

మర్నాడు పొద్దున కరెంటు రైల్లో మద్రాసు వెళ్ళాను. ఆఫీసులకు పోయేవాళ్ళ మధ్య డబ్బాతో నిలబడి, బేసిన్ బ్రిడ్జి దాకా ఒంటికాలి మీదే ప్రయాణం. మా గైడు స్నేహితుడి ప్రయోగశాలలో పట్టకాన్ని కొలిచారు. కాల్సైటు మూతపడే చోటు దాటాక కూడా మా ముక్క వెలుగును పోనిచ్చింది, రెండు కిరణాలనూ విడివిడిగా. అది పెద్ద పట్టకం కాదు, ఒక అంచు విరిగింది కూడా. అయినా ఆ కొలతల కాగితం చూపించాక నా గది నాకే మిగిలింది. పట్టకం మాత్రం ఆ ఏడు వానల్లో ఎన్ని గుళికలు పోసినా మబ్బు పట్టింది. మళ్ళీ పెంచుతున్నాను.

ఆ రోజే మద్రాసులో ఒక కంటి డాక్టరును కలిసి అడిగాను. కటకం తీసేసినవాళ్ళలో ఇది ఉండేదేనని, అడిగేవాళ్ళు లేక బయటపడదని అన్నారు. అతినీలలోహితాన్ని ఆపే లేతపసుపు అద్దం ఒకటి దొరికే అంగడి చెప్పారు. కొని, తిరుగు రైలెక్కి సాయంత్రం పొద్దు ఉండగానే మణవాళనగర్ చేరాను.

నాయుడుగారు అద్దాన్ని వేళ్ళతో తడిమి, మందం చూసి, అంచు ఎలా సానబట్టాలో రాజికి చెప్పారు. సాన యంత్రం ఇక ఆ అమ్మాయిదేనని, కొంటామన్నవాళ్ళకు వద్దని చెప్పి పంపామని అప్పుడే నాకు తెలిసింది. రాజి భర్త పెరటి గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

"ఇది పెట్టుకుంటే ఆ వెలుగు పోతాదా?" అని అడిగారు ఆయన.

"పోతుందండీ. పోవాలి కూడా."

ఆయన అద్దాన్ని జేబులో వేసుకున్నారు. "రేపు పెడతాను. ఈ పొద్దుకు ఉండనీ."

డాక్టరు మాట గుర్తు చేయబోయి మానేశాను. ఎండ తగ్గిపోయింది. పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రాజి ఇంట్లోకి వెళ్ళి ఏదో తెచ్చింది. జడలో పెట్టుకునే మల్లెపూలు.

"మామా, ఇది ఎట్లుండాది?"

ఆయన కంటి దగ్గర పెట్టుకుని చూసి, "మామూలుగానే ఉండాదమ్మా" అన్నారు.

ముగ్గుపిండి తెచ్చింది. మామూలే. స్టీలు గ్లాసు. మామూలే. భర్త చొక్కా తెచ్చి పట్టింది. "మాసింది, ఉతకాల" అన్నారు. రాజి భర్త అంతవరకూ మాట్లాడనివాడు నవ్వేశాడు. ఒక్కదానికైనా ఏదో కల్పించి చెబుతారేమోనని నేను చూస్తున్నాను. చెప్పలేదు.

అప్పుడు రాజి భర్తే పందిరి దగ్గరికి వెళ్ళి, సాయంత్రానికి విచ్చుకున్న బీరపువ్వు ఒకటి తుంచి తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని చాలాసేపు తిప్పి చూశారు.

"ఇది మాత్రం వేరేగా ఉండాది. రెక్కల కొసలు లేతగా వెలుగుతా ఉండాయి. నడుమ నల్లగా, లోతుగా."

రాజి వంగి, ఆయన భుజం మీదుగా చూసింది.

"నాకు పసుపుపచ్చగానే ఉండాది మామా."

"ఉంటాదమ్మా. రేపట్నించి నాకూ అట్లనే ఉంటాది" అన్నారు ఆయన, పువ్వు దించకుండా.